ఖాతా మనది, హక్కూ మనదే

బ్యాంకుతో తగవు వచ్చినప్పుడు మన కుటుంబాలలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "పోనీలే, సబర్ చేద్దాం" అనేది. రెండవది, "మనం ముసల్మానులం కాబట్టే ఇలా చేశారు" అనేది. మొదటి మాట అనేవారు ఇంట్లో పెద్దలు, రెండవ మాట అనేవారు యువకులు. మనఃస్థితులు వేరైనా ఫలితం ఒక్కటే. ఫిర్యాదు కాగితం మీదకు రాదు. వారం రోజులు ఇంట్లోనూ, హోటల్ బల్ల దగ్గరా చర్చ జరుగుతుంది. ఆ తరువాత కోత పడిన సొమ్ము బ్యాంకు వద్దే ఉండిపోతుంది.

వివక్ష అనేది మన ఊహ కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో బ్యాంకు రుణాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తుపెట్టుకొని అక్కడివారికి రుణాలు, ఇతర సదుపాయాలు సులభంగా అందనివ్వడం లేదని ఆ కమిటీ స్పష్టంగా రాసింది. అయితే కమిటీ ఆ మాట అనగలిగింది ఎందువల్ల? రిజర్వు బ్యాంకు నుంచి, ఇతర ఆర్థిక సంస్థల నుంచి లెక్కలు తెప్పించుకొని ముందు పెట్టుకున్నది గనుక. మన బస్తీలో జరిగిన అన్యాయానికి లెక్క ఎక్కడ ఉంది? ఫిర్యాదు రాయని చోట లెక్క పుట్టదు. పది ఇళ్లలో పది అవమానాలు జరిగినా, ఒక్క దరఖాస్తు కూడా పెట్టని శాఖ రికార్డులో అది మచ్చలేని శాఖగానే మిగిలిపోతుంది.

రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో ఖాతాదారుల హక్కుల పత్రాన్ని ప్రకటించింది. అందులో మొట్టమొదటి హక్కు న్యాయమైన వ్యవహారానిది. స్త్రీపురుష భేదం, వయసు, మతం, కులం, శారీరక సామర్థ్యం వంటి కారణాలతో ఖాతాదారు పట్ల అన్యాయమైన భేదం చూపరాదని అందులో ఉంది. మతం అనే పదం అక్కడ పేరుపెట్టి ఉన్నది. మిగిలిన నాలుగు హక్కులు పారదర్శకత, ఖాతాదారుకు తగిన పథకాన్నే అమ్మడం, గోప్యత, ఫిర్యాదు పరిష్కారం మరియు పరిహారానికి సంబంధించినవి. ఈ పత్రాన్ని చదివిన మస్జిద్ కమిటీలు ఎన్ని ఉన్నాయో మనల్ని మనమే అడుగుకోవాలి.

మరొక అడ్డంకి మన ఆలోచనలోనే ఉన్నది. బ్యాంకు అంటే వడ్డీ, వడ్డీ అంటే రిబా, కనుక ఆ గుమ్మంలో ఎంత తక్కువ సేపు నిలబడితే అంత మంచిదని భావించే దీనీ కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వారి భయభక్తులను మేము గౌరవిస్తాము. కానీ ఏటీఎం నుంచి రాకుండానే ఖాతాలో తగ్గిపోయిన ఐదు వేలు వడ్డీ కాదు. అది ఎండలో మోటారు మరమ్మతు చేసిన చేతుల కష్టార్జితం. మినిమం బ్యాలెన్స్ పేరిట కోసుకున్న సొమ్ము కూడా అసలులో నుంచి పోయిందే. దానిని వదులుకోవడం పరహేజ్‌గారీ అనిపించుకోదు. ఖాతాలో పడిన వడ్డీని ఏం చేయాలనే ప్రశ్నను ఉలమాల సలహాకే వదిలిపెడదాము. పోగొట్టుకున్న అసలును అడగడానికి మాత్రం ఎవరి ఫత్వా అవసరం లేదు.

రాసిపెట్టుకోవడం మన దీన్‌కు కొత్త విషయమేమీ కాదు. సూరా అల్ బఖరాలోని 282వ ఆయత్ ఖుర్ఆన్ మొత్తంలో అతి దీర్ఘమైనది. అది గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే అప్పును రాసిపెట్టుకోవడం గురించి, రాసేవాడి బాధ్యత గురించి, సాక్షుల గురించి చెప్పేది. ఇంత స్పష్టమైన ఆదేశం చేతిలో ఉన్న సముదాయం బ్యాంకు మేనేజరుతో నోటిమాటగా మాట్లాడి, నోటిమాట జవాబుతో వెనుదిరిగి రావడం విచిత్రమే.

పేరులో ఉన్న పేచీ

తెలుగు నేలపై ముస్లిం కుటుంబానికి బ్యాంకుతో వచ్చే తగవులలో ఎక్కువ భాగం పేరు దగ్గరే మొదలవుతుందని మా అనుభవం. ఆంధ్ర జిల్లాలలో షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల వంటివి ఇంటిపేర్ల వలె ముందు వస్తాయి. ఆధార్ కార్డులో షేక్ మస్తాన్ వలీ అని ఉన్న మనిషి పాన్ కార్డులో ఎస్. మస్తాన్‌వలీ అవుతాడు. పాస్‌బుక్‌లో మస్తాన్ వలీ షేక్‌గా తిరగబడతాడు. తెలంగాణలో మొహమ్మద్ అనే పవిత్రనామం ఒక కార్డులో పూర్తిగా, మరొకదానిలో ఎండి అనే రెండక్షరాలుగా ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు సంగతి చెప్పనవసరం లేదు. షేక్ అనే ఒక్క మాటనే నాలుగైదు రకాలుగా రాసే గుమాస్తాలు ఉన్నారు. స్త్రీల విషయంలో బీ, బేగం, సుల్తానా, ఉన్నీసా ఒక కార్డులో కలుస్తాయి, మరొకదానిలో రాలిపోతాయి.

ఇది నవ్వుకొని వదిలేసే విషయం కాదు. పేరు కలవలేదనే కారణంతో పిల్లల స్కాలర్‌షిప్ ఆగుతుంది, పింఛను ఆగుతుంది, భవిష్యనిధి సొమ్ము ఆగుతుంది, కేవైసీ పూర్తికాలేదని ఖాతానే ఆగిపోతుంది. గుమాస్తా "పేరు మార్పించుకొని రండి" అని ఒక్క మాట అంటాడు. ఏ కార్డులోని పేరు మార్చాలో, ఏ ఆధారం తేవాలో చెప్పడు. తల్లి ఒక రోజు కూలి మానుకొని ఆధార్ కేంద్రానికి, ఇంకో రోజు మానుకొని మీసేవా కేంద్రానికి, మూడవ రోజు మళ్లీ బ్యాంకుకు తిరుగుతుంది.

ఇక్కడ నియమాలు మనవైపే కొంత ఉన్నాయి. కార్డు జారీ అయిన తరువాత పేరు మారినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం గాని, పేరు మార్పు తెలిపే గెజిట్ ప్రకటన గాని జతచేస్తే ఆ కార్డునే గుర్తింపు పత్రంగా స్వీకరించాలని రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశం చెబుతున్నది. కాలానుగుణంగా చేసే కేవైసీ నవీకరణలో వివరాలేవీ మారకపోతే ఖాతాదారు ఇచ్చే స్వీయ ప్రకటన సరిపోతుంది. తక్కువ ప్రమాదం ఉన్న ఖాతాకు ఈ నవీకరణ పదేళ్లకు ఒకసారి మాత్రమే. 2025 జూన్‌లో సవరించిన నియమాల ప్రకారం గడువుకు ముందు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటైనా ఉత్తరం ద్వారా రావాలి. గడువు దాటాక మళ్లీ మూడు జ్ఞాపికలు పంపాలి. ఇవేవీ లేకుండా ఖాతా ఆగిందంటే, ఆగిన రోజున అడగవలసిన ప్రశ్న "ఏ కార్డు తేవాలి?" అనేది కాదు. "నాకు ఏ తేదీలలో ఏ నోటీసులు పంపారు?" అని రాతలో అడగాలి.

పేరుతో మరో ప్రమాదం కూడా ఉంది. ఒకే వీధిలో నలుగురు షేక్ మహబూబ్‌లు ఉండడం మనకు వింత కాదు, కంప్యూటరుకు మాత్రం వింతే. ఒకరు ఎగవేసిన అప్పు మరొకరి రుణ చరిత్రలోకి ఎక్కుతుంది. ఇల్లు కట్టుకోవడానికో ఆటో కొనుక్కోవడానికో రుణం కోసం వెళ్లినప్పుడు "మీ సిబిల్ బాగోలేదు" అంటారు. ఎందుకు బాగోలేదో చెప్పరు. అప్పుడు రుణ సమాచార సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి ఉచితంగా లభించే పూర్తి నివేదికను తెప్పించుకొని, మనది కాని అప్పును గుర్తించి, సరిదిద్దమని దరఖాస్తు పెట్టాలి. ముప్పై రోజులలో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ దారి తెలియక, తాను చేయని అప్పుకు సిగ్గుపడి, చివరకు బయటి వడ్డీ వ్యాపారి వద్దకు వెళ్లిన వారిని మేము చూశాము. రిబాకు భయపడి బ్యాంకు గడప తొక్కని ఇల్లు, నూటికి ఐదు రూపాయల నెలవడ్డీకి తాకట్టు పడడం కంటే విషాదం ఏముంటుంది?

ఉన్నట్టుండి ఆగిపోయిన ఖాతా

ఈ మధ్య మన చిన్న వ్యాపారులను ఎక్కువగా కుంగదీస్తున్నది ఖాతా స్తంభన. బిర్యానీ హోటలు, మాంసం దుకాణం, పండ్ల బండి, పంక్చరు షాపు, అన్నిచోట్లా ఇప్పుడు క్యూఆర్ కోడ్ వేలాడుతున్నది. ముక్కూమొహం తెలియని గిరాకీ నాలుగు వందలు పంపి పొట్లం తీసుకొని వెళ్లిపోతాడు. ఆ నాలుగు వందలు ఏదో రాష్ట్రంలో సైబరు మోసానికి గురైన మనిషి ఖాతా నుంచి నాలుగు చేతులు మారి వచ్చినవై ఉండవచ్చు. అక్కడి పోలీసుల నుంచి బ్యాంకుకు లేఖ వస్తుంది. మరునాడు దుకాణదారు ఖాతా మొత్తం ఆగిపోతుంది. నాలుగు వందలకు గాను లక్షన్నర ఆగుతుంది. కోళ్లవాడికి, బియ్యంవాడికి ఇవ్వవలసిన చెల్లింపులు ఆగుతాయి. కూతురి కళాశాల ఫీజు ఆగుతుంది.

శాఖకు వెళితే "మా చేతుల్లో లేదు, ఆ రాష్ట్ర పోలీసులతో మాట్లాడుకోండి" అనే సమాధానం వస్తుంది. పోలీసు అనే మాట విన్నాక మన ఇళ్లలో ఏం జరుగుతుందో పాఠకులకు వివరించనక్కరలేదు. పరాయి రాష్ట్రపు ఠాణా, గడ్డమున్న కుర్రవాడు, కేసు సంఖ్య. తల్లిదండ్రులు ఆ లేఖను దాచిపెడతారు. బంధువులకు చెప్పరు. వకీలును కూడా కలవరు. ఆ ఖాతాను, అందులోని సొమ్మును వదిలేసి వేరే బ్యాంకులో భార్య పేరిట కొత్త ఖాతా తెరుస్తారు. ఏ నేరమూ చేయని మనిషి నేరస్తుడిలా తప్పుకు తిరుగుతాడు. ఈ భయానికి కారణాలు లేవని మేము అనడం లేదు. కాని ఖాతాను అనాథగా వదిలేయడం వల్ల అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

చట్టం చెప్పేది ఇది. గతంలో నేర విచారణ స్మృతి 102వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద పోలీసులు అనుమానాస్పద ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. అయితే ఆ విషయాన్ని వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలి. వివాదంలో ఉన్న మొత్తం వరకే స్తంభనను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసులలోనే చెప్పింది. కనుక దుకాణదారు మొదట చేయవలసింది బ్యాంకుకు ఒక పేజీ లేఖ ఇవ్వడం. ఏ పోలీసు స్టేషన్ నుంచి, ఏ తేదీన, ఏ ఫిర్యాదు సంఖ్యపై ఆదేశం వచ్చింది, వివాదాస్పద మొత్తం ఎంత, ఆదేశం ఖాతా మొత్తానికా లేక ఆ మొత్తానికి మాత్రమేనా అనే నాలుగు ప్రశ్నలు అందులో ఉండాలి. మిగిలిన సొమ్మును వాడుకోనివ్వమని కోరాలి. ఆ వివరాలు వచ్చాక దర్యాప్తు అధికారికి ఆనాటి బిల్లు, దుకాణం లైసెన్సు, ఖాతా లావాదేవీల పట్టికతో లేఖ పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టు, ఆపై హైకోర్టు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయ పరిమితితో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుందన్నది గుర్తుంచుకోవాలి. ఖాతా భార్య పేరిట ఉంటే ఆమే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక సున్నితమైన తేడాను ఇక్కడ గమనించాలి. పోలీసు ఆదేశాన్ని అమలుచేసినందుకు బ్యాంకుపై అంబుడ్స్‌మన్ వద్ద ఫిర్యాదు నిలవదు. కాని పోలీసులు నాలుగు వందలు ఆపమంటే బ్యాంకు లక్షన్నర ఆపినప్పుడు, ఆ తప్పు పోలీసులది కాదు. అందుకే ఆ నాలుగు ప్రశ్నలు అంత ముఖ్యమైనవి.

మన యువకులకు ఒక కఠినమైన మాట కూడా చెప్పక తప్పదు. నెలకు ఇంత అని కమీషనుకు తమ ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను అపరిచితులకు అప్పగించేవారు మన బస్తీలలోనూ ఉన్నారు. వారి విషయంలో మేము ఈ వ్యాసంలోని ఒక్క వాక్యాన్ని కూడా సాయం చేయదలచుకోలేదు. ఒక వృద్ధుడి జీవితకాలపు పొదుపు ఆ ఖాతా గుండా పోయిందంటే అందులో వాటా తీసుకున్నట్లే.

మోసం మనపైనే జరిగినప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి. 1930 సంఖ్యకు ఫోను చేయడం, అదే రోజు బ్యాంకుకు తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవడం, ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి జరగాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో జరిగినప్పుడు, మూడు పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఏమీ లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాకు గరిష్ఠంగా 5,000, సాధారణ పొదుపు ఖాతాకు 10,000 రూపాయల వరకే బాధ్యత. తెలియజేసిన పది పనిదినాలలో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమచేయాలి. ఖాతాదారుదే తప్పని రుజువు చేయవలసిన భారం బ్యాంకుదే. ఓటీపీని మనమే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మనది. తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుది. ఆ కారణంగానే, తప్పు చేశామనే సిగ్గుతో ఒక రాత్రి ఊరుకోవడం కూడా ఖరీదైన వ్యవహారం.

యజమాని మరణించాక

గల్ఫ్‌లో పనిచేసి తిరిగివచ్చిన వ్యక్తి మరణిస్తాడు. ఇద్దత్‌లో ఉన్న భార్య బ్యాంకుకు వెళ్లలేదు. ఆమె తమ్ముడు వెళితే వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటారు. అంటే కోర్టు, వకీలు, నెలల తరబడి నిరీక్షణ. ఖాతాలో నామినీ పేరు ఉండి, కోర్టు నిషేధం ఏదీ లేనప్పుడు మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు పత్రం చూసి పదిహేను రోజులలో సొమ్ము ఇవ్వాలని, వారసత్వ ధ్రువపత్రం కోసం పట్టుబట్టరాదని రిజర్వు బ్యాంకు 2005 నుంచే చెబుతున్నది. ఇరవై ఏళ్ల తరువాత కూడా కౌంటరు వద్ద పాత మాటే వినిపిస్తే, ఆ మాటను రాసి ఇమ్మని అడగండి. "రాసి ఇవ్వండి" అనే ఈ చిన్న కోరిక చాలాసార్లు ధ్రువపత్రం అవసరాన్ని అక్కడికక్కడే తొలగిస్తుంది.

నామినీ సొమ్మును అందుకునేవాడే తప్ప యజమాని కాడు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో తేల్చింది. పెద్దకొడుకు నామినీ కాబట్టి అంతా అతనిదే అనే వాదన దేశ చట్టంలోనూ లేదు, షరీఅత్‌లో అసలే లేదు. పిల్లలున్న భార్యకు ఎనిమిదవ వంతు, కుమార్తెలకు వారి వాటా ఇవ్వకుండా ఆ సొమ్ముతో మేడ కట్టినవారు బ్యాంకు అన్యాయం గురించి మాట్లాడితే వినడానికి కష్టంగా ఉంటుంది. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీల వరకు, ఎవరికి ఎంత శాతమో చెబుతూ, పెట్టుకునే వీలు వచ్చింది. దానిని వాడుకోవాలి.

తాకట్టు విషయంలోనూ గడువులు ఉన్నాయి. రుణం పూర్తిగా తీర్చిన ముప్పై రోజులలో ఇంటి పత్రాలు తిరిగి ఇవ్వకపోతే, జాప్యం బ్యాంకుదైనప్పుడు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఈ నియమం 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్నది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే ఐదు రోజులలో తిరిగి జమకావాలి, లేకుంటే రోజుకు 100 రూపాయలు. ఈ పరిహారాలు ఖాతాదారు అడగకపోయినా ఇవ్వవలసినవే. అడగనివారికి అందడం మాత్రం అరుదు.

ఏ తలుపు ముందు తట్టాలి

క్రమం తప్పితే మంచి ఫిర్యాదు కూడా వీగిపోతుంది. మనవారిలో చదువుకున్నవారు సైతం కోపంలో నేరుగా రిజర్వు బ్యాంకుకో, ముఖ్యమంత్రికో రాస్తారు. ముందు బ్యాంకుకే రాయాలి. తేదీ, ఖాతా వివరం, జరిగిన నష్టం, కోరుతున్న పరిష్కారం, ఈ నాలుగూ ఉంటే చాలు. మన చరిత్ర, వారి అహంకారం అందులో రాయనక్కరలేదు. నకలుపై ముద్ర, సంతకం తీసుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. బ్యాంకు ఆ ఫిర్యాదును తిరస్కరించదలచుకుంటే ముందుగా తమ అంతర్గత అంబుడ్స్‌మన్‌కు పంపి చూపించాలనే నియమం పెద్ద బ్యాంకులకు ఉన్నది. తిరస్కరణ లేఖ వచ్చినప్పుడు ఆ పరిశీలన జరిగిందా అని అడగవచ్చు.

ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లవచ్చు. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమీకృత పథకం కింద బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, చెల్లింపుల యాప్‌ల ఫిర్యాదులన్నీ ఒకే చోటికి వస్తాయి. రుసుము లేదు. బ్యాంకు జవాబిచ్చిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలని 2021 పథకం గడువు పెట్టింది. జరిగిన నష్టానికి 20 లక్షల వరకు, పడిన శ్రమకు మనోవ్యథకు మరో లక్ష వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ పథకం ఇచ్చింది. కంప్యూటరు అక్కరలేదు. చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఉత్తరం పంపవచ్చు, అది ఏ భాషలోనైనా ఉండవచ్చు. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా స్వీకరిస్తారు. సలహాకు 14448 సంఖ్య ఉన్నది.

వినియోగదారుల కమిషన్ మరో దారి. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంటే మనకేమిటి? సేవ కోసం చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. వ్యాపార ఖాతా కాబట్టి మీరు వినియోగదారు కాదని బ్యాంకు వాదించవచ్చు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి చట్టంలోనే మినహాయింపు ఉన్నది గనుక బండి వ్యాపారి, దర్జీ బెదరనక్కరలేదు. అయితే కోర్టులోనో కమిషన్‌లోనో ఉన్న వివాదాన్ని అంబుడ్స్‌మన్ చేపట్టడు. అందుచేత చిన్న తగవుకు ముందు అంబుడ్స్‌మన్ దారి మంచిదని మా అభిప్రాయం. రెండేళ్ల గడువును మాత్రం గోడ మీద రాసుకోవాలి. కమిషన్లలో వాయిదాలు ఎంత సాగుతాయో తిరిగినవారికి తెలుసు.

ఇక సామాజిక కార్యకర్తలకు. అంబుడ్స్‌మన్ పథకంలో ఒక వింత సదుపాయం ఉన్నది. ఫిర్యాదుదారు తరఫున వకీలు వెళ్లడానికి వీలు లేదు, కాని ఫిర్యాదుదారు రాతపూర్వకంగా నియమించిన మరే వ్యక్తి అయినా వెళ్లవచ్చు. అంటే ఇద్దత్‌లో ఉన్న వితంతువు తరఫున, చదువురాని కూలీ తరఫున, జిద్దాలో ఉన్న డ్రైవరు తరఫున మస్జిద్ కమిటీ కార్యదర్శి ఫిర్యాదు నడపవచ్చు. డిగ్రీ చదివే అమ్మాయి తన వీధిలోని పది మంది స్త్రీల తరఫున నడపవచ్చు. దీనికి చందాలు అవసరం లేదు, సభలు అవసరం లేదు. జుమా నమాజు తరువాత రెండు గంటలు ఒక బల్ల, ఒక రిజిస్టరు, నకళ్లు తీసే యంత్రం దగ్గరలో ఉంటే సరిపోతుంది. స్త్రీలకు వేరుగా మదరసా గదిలోనో, ఎవరి ఇంట్లోనో ఇదే ఏర్పాటు చేయవచ్చు.

ఆ రిజిస్టరులో ప్రతి ఫిర్యాదుకూ బ్యాంకు శాఖ, తేదీ, కారణం, వచ్చిన జవాబు రాయాలి. ఖాతాదారు అనుమతి లేకుండా ఖాతా సంఖ్య రాయకూడదు. ఏడాది గడిచాక ఆ పుటలు తిరగేస్తే కొన్ని సంగతులు తేలతాయి. ఒకే శాఖలో ముద్రా రుణ దరఖాస్తులు వరుసగా కారణం చెప్పకుండా తిరస్కరించబడి ఉండవచ్చు. లేదా మన అనుమానానికి ఆధారం లేదని, ఆ శాఖ అందరినీ ఒకేలా విసిగిస్తున్నదని తేలవచ్చు. రెండవదే నిజమైతే పక్క వీధిలోని దళిత, బీసీ సోదరులతో కలిసి అడగాలి. మొదటిదే నిజమైతే, మైనారిటీలకు రుణాల గురించి రిజర్వు బ్యాంకు ప్రత్యేక సూచనలు ఉన్నాయి, జిల్లాకు ఒక లీడ్ బ్యాంకు ఉన్నది, జిల్లా స్థాయిలో బ్యాంకర్ల సమీక్షా సమావేశాలు జరుగుతాయి, రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఉన్నది. వారి ముందు పెట్టడానికి ఆ రిజిస్టరు నకలు చాలు.

మన పత్రిక కార్యాలయానికి ప్రతి నెలా బ్యాంకుల గురించి ఉత్తరాలు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగానికి బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నకలు జతచేసి ఉండదు. ఇకపై రాసేవారు ఆ నకలును, ముద్ర పడిన తేదీతో సహా, పంపవలసిందిగా కోరుతున్నాము. ముప్పై రోజులు దాటినవాటిని తరువాతి మెట్టుకు ఎలా తీసుకువెళ్లాలో వీలైనంతవరకు జవాబిస్తాము.